మొరాకో రిఫైనరీ ఎందుకు మూతపడింది?

కాసాబ్లాంకా దగ్గర సముద్రం ఒడ్డున ముహమ్మదియా అనే ఊరుంది. దాని పాత పేరు ఫెదాలా. 1960లో రాజు ఐదవ ముహమ్మద్ అక్కడ చమురు శుద్ధి కర్మాగారానికి పునాదిరాయి వేసినప్పుడు ఆయన పేరే ఊరికి పెట్టారు. ఆ కర్మాగారమే 'సమీర్'. మొరాకోకు స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఇటలీ చమురు సంస్థ ఎనీతో కలిసి ప్రభుత్వం దాన్ని కట్టింది. 1970లలో అది పూర్తిగా దేశం చేతికొచ్చింది.

మొరాకోలో చమురు బావులు దాదాపు లేవు. ముడి చమురు బయటి నుంచి తెచ్చుకోవాల్సిందే. కానీ దాన్ని ఇంట్లోనే శుద్ధి చేసుకుంటే పెట్రోలు, డీజిల్ కోసం పూర్తిగా బయటివాళ్ల మీద ఆధారపడక్కర్లేదు. రోజుకు సుమారు 2 లక్షల బ్యారెళ్ల సామర్థ్యం ఉన్న సమీర్ ఆ పనే చేసేది.

1997లో ప్రభుత్వం దాని వాటాలో మూడింట రెండు వంతులు కోరల్ అనే కంపెనీకి అమ్మేసింది. ఇథియోపియాలో పుట్టిన సౌదీ వ్యాపారి ముహమ్మద్ అల్ అమూదీ దాని యజమాని. విదేశీ డబ్బు వచ్చింది, ఆధునికీకరణ జరిగింది. దాంతోపాటే అప్పులూ పెరిగాయి. బ్యాంకులకు, కస్టమ్స్ శాఖకు, ముడి చమురు అమ్మినవాళ్లకు కలిపి బాకీ 4 వేల కోట్ల దిర్హమ్‌లు దాటింది. 2015 ఆగస్టులో ముడి చమురు కొనే దారిలేక ఉత్పత్తి ఆగింది. 2016 మార్చిలో కాసాబ్లాంకా వాణిజ్య కోర్టు దివాలా ప్రకటించి, ఆస్తులు అమ్మి బాకీలు తీర్చమంది.

కథ అక్కడితో అయిపోలేదు. కోరల్ స్వీడన్‌లో రిజిస్టర్ అయిన కంపెనీ. అందుకే మొరాకో-స్వీడన్ పెట్టుబడి ఒప్పందాన్ని పట్టుకుని, ప్రపంచ బ్యాంకు మధ్యవర్తిత్వ కేంద్రంలో 270 కోట్ల డాలర్ల పరిహారం అడిగింది. 2024 జూలైలో తీర్పు వచ్చింది. అడిగినంత రాలేదు గానీ, మొరాకో 15 కోట్ల డాలర్లు చెల్లించాలని ట్రిబ్యునల్ చెప్పింది.

అంటే కంపెనీ మునిగింది, బాకీలు మిగిలాయి, పైగా పరిహారం భారం ప్రభుత్వం మీద, అంటే జనం మీదే పడింది. కోర్టు పలుమార్లు కొనుగోలుదార్లను పిలిచినా ఏళ్ల తరబడి యంత్రాలు తిరగలేదు. వందలాది కార్మికుల బతుకు అయోమయంలో పడింది. 2015 చివర్లో ఇంధన ధరల మీద నియంత్రణ కూడా ఎత్తేశారు. అలా శుద్ధి చేసిన ఇంధనం మొత్తం దిగుమతిదారుల చేతిలోకి వెళ్లింది.

విదేశీ పెట్టుబడి రావడం తప్పు కాదు. దేశానికి ఉన్న ఒక్కగానొక్క రిఫైనరీని అప్పగించాక లెక్కలు ఎవరు చూస్తారన్నదే అసలు ప్రశ్న. సమయానికి అడగని ఆ ప్రశ్నకు ముహమ్మదియా ఇప్పటికీ మూల్యం చెల్లిస్తోంది.