వేడి ఇనుము ఎప్పుడు చల్లారుతుంది? సంవర్గమానం చెప్పే లెక్క

భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో ప్రారంభమైంది. భిలాయిని ఆనుకుని పెద్ద రైల్వే యార్డుతో చరోదా ఉంది. తెలుగు కుటుంబాలు కూడా చాలాకాలంగా ఉంటున్న ఈ ప్రాంతంలో వేసవి ఎండ 45 డిగ్రీల సెల్సియస్‌కు చేరే రోజులుంటాయి. ఇలాంటి చోట ఏ వర్క్‌షాప్‌లోనైనా వెల్డింగ్ చేసిన ముక్కను పక్కన పెట్టగానే వచ్చే ప్రశ్న ఒకటే: ఇది చేత్తో పట్టుకునేంతగా చల్లారడానికి ఎంతసేపు పడుతుంది?

జవాబు ఒక సంవర్గమాన ప్రమేయం, అంటే లాగరిథమ్. దాన్ని కనుక్కోవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు.

వేడి వస్తువు చల్లారే వేగం, దానికీ చుట్టూ ఉన్న గాలికీ మధ్య ఉన్న ఉష్ణోగ్రత తేడాను బట్టి ఉంటుంది. తేడా సగమైతే వేగమూ సగమవుతుంది. ఉదాహరణకు గాలి 45 డిగ్రీలు, ముక్క 165 డిగ్రీలు అనుకుందాం. తేడా 120. ఇరవై నిమిషాల తర్వాత ముక్క 105 డిగ్రీలకు దిగితే తేడా 60, అంటే సగం. మరో ఇరవై నిమిషాలకు తేడా 30, ఇంకో ఇరవైకి 15.

ఇప్పుడు అడ్డ అక్షం మీద ఉష్ణోగ్రతను, నిలువు అక్షం మీద పట్టిన కాలాన్ని గుర్తించి గీత గీయండి. 165 దగ్గర కాలం సున్నా, కనుక గీత అడ్డ అక్షాన్ని ఖండించేది అక్కడే. 45 వైపు జరిగేకొద్దీ గీత పైకి లేస్తూనే ఉంటుంది, కానీ 45 దగ్గరి నిలువు రేఖను ఎన్నటికీ తాకదు. అదే అనంతస్పర్శరేఖ. అక్కడ తేడా సున్నా అవుతుంది, సున్నాకు సంవర్గమానం లేదు. ముక్క సరిగ్గా గాలి ఉష్ణోగ్రతకు చేరే క్షణం లెక్కలో దొరకదనడానికి కారణం ఇదే.

ఈ రెండు గుర్తులతో ప్రమేయం తెలిసిపోయినట్టేనా? చాలామంది విద్యార్థులు అలాగే అనుకుంటారు. కానీ నెమ్మదిగా చల్లారే దిమ్మెకూ, త్వరగా చల్లారే పలుచటి రేకుకూ ఈ రెండూ ఒకటే కావచ్చు. గీత ఎంత నిటారుగా లేస్తుందో చెప్పడానికి మూడో సమాచారం కావాలి. ఇక్కడ అది "20 నిమిషాలకు 105 డిగ్రీలు" అన్న కొలత. దానితో లెక్క పూర్తవుతుంది:

కాలం = 20 × లాగ్ [120 ÷ (ఉష్ణోగ్రత − 45)], ఆధారం 2.

పట్టుకోవడానికి 60 డిగ్రీల లోపు ఉండాలనుకుంటే తేడా 15. 120ని 15తో భాగిస్తే 8, అంటే 2 యొక్క మూడో ఘాతం. కనుక 60 నిమిషాలు.

చలికాలంలో గాలి 15 డిగ్రీలైతే అనంతస్పర్శరేఖే పక్కకు జరుగుతుంది. మొదటి తేడా 150, చివరి తేడా 45. తేడా సగమయ్యే కాలం మారలేదనుకుంటే సుమారు 35 నిమిషాలు చాలు. ఆ అలవాటుతోనే మే నెలలో 35 నిమిషాలకు చెయ్యి వేస్తే? ముక్క ఇంకా 81 డిగ్రీల దగ్గర ఉంటుంది. చెయ్యి కాలుతుంది.

పాఠ్యపుస్తకంలోని లెక్కకూ దారి ఇదే. అనంతస్పర్శరేఖ ఎక్స్ = −4 దగ్గర ఉండి, గీత ఎక్స్ అక్షాన్ని −3 వద్ద, వై అక్షాన్ని 2 వద్ద ఖండిస్తే, మొదటి రెండింటి నుంచి వై = క × లాగ్ (ఎక్స్ + 4) అని వస్తుంది. ఆధారం 2 అని తీసుకుని ఎక్స్ = 0 పెడితే లాగ్ 4 విలువ 2, కనుక క = 1. ఖండన బిందువు అనంతస్పర్శరేఖకు సరిగ్గా ఒక యూనిట్ దూరంలో లేకపోతే, కుండలీకరణంలోని విలువను ఆ దూరంతో భాగించాలి. పైన 120 వచ్చింది అలాగే. పరీక్షల్లో ఎక్కువ మార్కులు పోయేది ఈ భాగహారం దగ్గరే.

ఈ ఆలోచన ఇనుముతోనే మొదలైంది. 1701లో న్యూటన్ పేరు వేసుకోకుండా లాటిన్‌లో ఒక వ్యాసం ప్రచురించాడు. ఎర్రగా కాల్చిన ఇనుప దిమ్మెను నిలకడగా వీచే గాలిలో ఉంచి, దాని మీద పెట్టిన లోహపు ముక్కలు ఎప్పుడెప్పుడు గడ్డకడుతున్నాయో చూసి, ఆ కాలాల నుంచి ఉష్ణోగ్రతలను లెక్కగట్టాడు. ఉష్ణోగ్రత నుంచి కాలాన్ని లెక్కించే మన గీతకు అది తిరగేసిన రూపం.

అయితే భిలాయిలో రోలింగ్ మిల్లు నుంచి ఎర్రగా బయటికొచ్చే పట్టాకు ఈ సూత్రం పనికిరాదు. అంత వేడిలో చాలా భాగం కాంతిలా, వికిరణ రూపంలో పోతుంది. అది ఉష్ణోగ్రత నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. పైగా 700 డిగ్రీల పరిసరాల్లో ఉక్కు లోపలి స్ఫటిక నిర్మాణం మారుతూ తానే కొంత వేడిని విడుదల చేస్తుంది. అప్పుడు చల్లారడం కాసేపు మందగిస్తుంది. ముక్క రెండు వందల డిగ్రీల లోపుకు దిగాకే ఒక్క సంవర్గమానంతో నమ్మదగిన అంచనా వేయవచ్చు.