పగడాలు తీసేయండి, రాళ్ళు కడగొద్దు

పై వీడియోలో మా హాల్లోని ఉప్పునీటి ట్యాంకు చూశారు కదా. పోయిన ఎండాకాలం దాకా అందులో మెత్తటి పగడాలుండేవి. కరెంటు పోయినప్పుడల్లా నీళ్ళు 30 డిగ్రీలు దాటేవి. పగడాల ఒంట్లో ఉండే సూక్ష్మ నాచు బయటికి పోయి అవి తెల్లబడిపోయేవి. చిల్లర్ ఖర్చు మనవల్ల కాదనుకుని, బతికినవాటిని ఒక మిత్రుడి ట్యాంకుకి ఇచ్చేసి, చేపలు మాత్రం ఉంచుకున్నాను.

తప్పు చేసింది ఆ తర్వాతే. పగడాలే లేవు కదా అని సగం రాళ్ళు తీసి కుళాయి నీళ్ళతో శుభ్రంగా కడిగాను. ఆ రాళ్ళు మన పొలంలో నేల లాంటివండి. చేపలు వదిలే అమ్మోనియాను నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మార్చే బాక్టీరియా ఉండేది ఆ రంధ్రాల్లోనే. క్లోరిన్ దెబ్బకి అది పోయింది. మూడో రోజుకి చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచాయి. మేత ఆపి, కొత్తగా కలిపిన ఉప్పునీళ్ళు మార్చుకుంటూ వచ్చినా రెండు క్లౌన్ చేపలు పోయాయి. జీవామృతం గురించి ఊరంతా చెప్పేవాణ్ణి, ఇంట్లో మర్చిపోయా!

ఇప్పుడు కాల్షియం, మెగ్నీషియం పోసే పని లేదు, లైటూ తగ్గించాను. ఉప్పు సాంద్రత మాత్రం 1.025 దగ్గరే ఉంచుతున్నా. మేత మిగిలితే నైట్రేట్ పెరుగుతుంది కాబట్టి నీళ్ళు మార్చడం మానలేదు.

ఇంకోటి. చేపలకు తెల్లమచ్చల జబ్బొస్తే మైలుతుత్తం లాంటి రాగి మందు ఈ ట్యాంకులో పోయకండి. నత్తలు, రొయ్యలు చచ్చిపోతాయి. రాళ్ళు రాగిని పీల్చుకుని తర్వాత మెల్లగా వదులుతుంటాయి. జబ్బు చేపల్ని వేరే తొట్టిలోకి మార్చి, వైద్యం అక్కడే చేయండి.