బాపును నడిపించేదెవరు? రోబోనా, మనమా?

"ఇదివరకు పొద్దున్నే లేచి చెరువుకట్ట దాకా పోయి వచ్చేటోడు సార్. ఇప్పుడు కుర్చీలకెళ్ళి లేస్తలేడు. నడువు బాపూ అంటే కోపానికొస్తడు." డిమెన్షియా వచ్చిన పెద్దలను ఆసుపత్రికి తీసుకొచ్చే కొడుకులు, కోడళ్ళు చెప్పే మాట దాదాపు ఇలాగే ఉంటుంది. మతిమరుపు గురించి అడగడానికి వస్తారు గాని, ఇంట్లో ఎక్కువ గొడవ నడక దగ్గరే జరుగుతుంది.

డిమెన్షియా అంటే వయసుతో వచ్చే మామూలు మతిమరుపు కాదు. మెదడులోని కణాలు క్రమంగా దెబ్బతినడం వల్ల జ్ఞాపకం, మాట, తీర్పు, చివరికి రోజువారీ పనులు కూడా తప్పిపోతాయి. మన దేశంలో 60 ఏళ్ళు దాటిన వారిలో నూటికి 7.4 మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి ఇది ఉన్నదని 2023లో ప్రచురితమైన ఒక పెద్ద సర్వే అంచనా వేసింది.

ఈ జబ్బులో నడక ఎందుకు తగ్గిపోతుంది? కాళ్ళలో బలం లేకనే అనుకుంటాం. చాలాసార్లు అది కారణం కాదు. పని మొదలుపెట్టాలనే చొరవ మెదడులోనే సన్నగిల్లుతుంది. లేవాలని తెలుసు, లేవరు. దాన్ని మనం బద్ధకమనీ మొండితనమనీ అనుకుని కసురుకుంటాం. దానికి తోడు పడిపోతామన్న భయం. నల్లని చాప గాని, బండల మీద నీడ గాని వారి కంటికి గుంతలాగా కనిపించవచ్చు. అక్కడే ఆగిపోతారు.

ఇక రోబో సంగతికి వద్దాం. వృద్ధుల సంఖ్య పెరిగి, చూసుకునే చేతులు తక్కువైన దేశాలలో ఈ ప్రయోగాలు చాలా కాలంగా జరుగుతున్నాయి. ఆస్ట్రియా దేశపు వియన్నా నగరంలో 'కరుణా గృహం' అని అర్థం వచ్చే పేరుతో ఒక పాత సంరక్షణాలయం ఉంది. అక్కడ హెన్రీ అనే రోబోను, డిమెన్షియా బాగా ముదిరిన వృద్ధుల రెండు నడక బృందాలతో ఒక నెల రోజులు తిప్పారు. దానికి కాళ్ళు లేవు, చక్రాల మీద వెళ్తుంది (నడవమని చెప్పేవారికే కాళ్ళు లేకపోవడం తమాషాగానే ఉంది). పాటలు వినిపించేది, తెర మీద బొమ్మలు చూపించేది. ఫిజియోథెరపిస్టులు మాత్రం పక్కనే ఉన్నారు.

2016లో వెలువడిన ఫలితాల ప్రకారం, బృందంలో ఉత్సాహం, కలివిడితనం, నడవాలనే కోరిక పెరిగే అవకాశం కనిపించింది. పెద్దలు దానిని చూసి భయపడే బదులు కుతూహలం చూపారు. అయితే యంత్రం మొరాయిస్తే మాత్రం కథ తిరగబడుతుందని, వృద్ధులతో పాటు దాన్ని కూడా చూసుకోవలసిన భారం థెరపిస్టుల మీద పడుతుందని ఆ పరిశోధకులే రాశారు. పైగా ఇది రెండు బృందాలతో, ఒక్క నెలలో, ముఖ్యంగా థెరపిస్టుల అభిప్రాయాల మీద, పరిశీలనల మీద ఆధారపడిన పరీక్ష. కొత్త వస్తువంటే ఎవరికైనా నాలుగు రోజులు సరదాయే. అది పాతబడిన తరువాత కూడా బాపు లేచి నడుస్తాడా అన్నదే అసలు ప్రశ్న.

అందుకే మంచి పరీక్షలో పోల్చి చూసేందుకు ఇంకో బృందం ఉండాలి. ఆస్ట్రేలియాలో అలాంటిది జరిగింది. జపాన్‌లో తయారైన పారో అనే రోబోను వాడారు. అది సీలు అనే సముద్ర జంతువు పిల్లలాగా, తెల్లటి బొచ్చుతో ఉంటుంది. నిమిరితే కదులుతుంది, కూస్తుంది. 28 సంరక్షణాలయాలలోని 415 మందిని మూడు భాగాలు చేశారు. ఒక భాగానికి పనిచేసే పారోను, రెండో భాగానికి మీట ఆపేసిన అదే పారోను ఇచ్చారు. మూడో భాగానికి మామూలు సేవలే. బొమ్మను ముట్టుకోవడం వల్ల మేలు జరిగిందా, లేక అది బదులివ్వడం వల్లనా అని తేల్చడానికే ఆ రెండో భాగం. ఈ తెలివి నాకు బాగా నచ్చింది.

2017లో వచ్చిన ఫలితం: మామూలు సేవల కన్నా పారో వల్ల మనసు కుదుటపడింది, ఆందోళన కొంత తగ్గింది. పనిచేయని బొమ్మ కన్నా పనిచేసే పారోతో పెద్దలు ఎక్కువ మాట్లాడారు, దానివైపు ఎక్కువ చూశారు. కాని చేతికి కట్టిన కొలత పరికరాలతో అడుగులు లెక్కపెట్టినప్పుడు, పారో ఉన్నవారి అడుగులు పెరగలేదు, తగ్గాయి! ఈ సంగతి 2018లో ప్రచురితమైంది. ఊరికే అటూ ఇటూ తిరిగి అలసిపోయే వారికి ఆ తగ్గుదల మేలే కావచ్చు. కుర్చీ వదలని మనిషికి అది మేలు కాదు. ఒళ్ళో కూర్చునే బొమ్మ వేరు, ముందు నడుస్తూ పిలిచే తోడు వేరు.

ఆ పారో అమెరికాలో సుమారు 6 వేల డాలర్లు, అంటే మన లెక్కలో దాదాపు 5 లక్షల రూపాయలు. ఆ డబ్బుకు ఎన్ని నెలలు ఒక మనిషిని తోడు పెట్టుకోవచ్చో మీరే లెక్కవేసుకోండి. అయితే మన జిల్లాలలో ఆ మనిషి దొరకడమే కష్టం. జగిత్యాల, నిర్మల్ వైపు ఎన్నో ఇళ్ళలో కొడుకు దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉంటాడు. కోడలు బీడీలు చేసుకుంటూనే మామను చూసుకోవాలి. ఆమెకు ఎవరైనా, ఏదైనా సాయం దొరికితే మంచిదే. రోబోను చూసి నవ్వవలసిన పని లేదు. అది చేసిన పనిని గమనించి, మనం చేయగలిగింది చేద్దాం.

హెన్రీ ఎవరినీ "నడువు" అని కసరలేదు. తాను ముందు కదిలింది, పాట పెట్టింది. మీరూ ఆజ్ఞలు మానేసి పని చెప్పండి. "బాపూ, పాలు తెద్దాం రా" అంటే లేచే మనిషి, "వాకింగ్‌కు పోదాం" అంటే లేవడు. గోదావరిఖనిలోనో, బెల్లంపల్లిలోనో బొగ్గు గనిలో పనిచేసిన వారికి డ్యూటీ వేళ ఇంకా ఒంట్లోనే ఉండవచ్చు. ఆ వేళకే చెప్పులు ముందు పెట్టి చూడండి. కొడుకు పేరు మరచిన అవ్వ కూడా చిన్ననాటి కీర్తన మొత్తం పాడుతుంది. ఆ పాటకు అడుగు కలపండి. ఆదిలాబాద్ వైపు గోండి, మరాఠీ ఇంటి భాషగా పెరిగిన వారిని ఆ భాషలోనే పిలవండి. ఒకసారి ఒకే మాట చెప్పండి, బదులుకు ఆగండి. వెనుక నుంచి నెట్టకండి, చేయి పట్టి లాగకండి. పక్కన నిలబడి మీ చేయి అందించండి.

ఒక్క హెచ్చరిక. నిన్నటిదాకా నడిచిన మనిషి ఇవాళ ఉన్నట్టుండి నడవకపోతే, అయోమయం పెరిగితే, "జబ్బు ముదిరింది" అని ఇంట్లో కూర్చోబెట్టకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, తుంటి ఎముక విరగడం, పక్షవాతం, పడినప్పుడు తలలో రక్తం గడ్డకట్టడం, షుగరు పడిపోవడం, ఇలా వెంటనే వైద్యం చేయవలసిన కారణాలు ఉండవచ్చు. అదే రోజు తీసుకురండి. లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతున్నాయా, మోకాళ్ళ నొప్పి ఉందా, కంటి శుక్లాలు ఉన్నాయా, అరిగిన స్లిప్పర్లు జారుతున్నాయా అని కూడా చూడాలి.

నడిస్తే జ్ఞాపకం తిరిగి వస్తుందా అని చాలామంది అడుగుతారు. రాదు. ఇంగ్లండులో 494 మంది డిమెన్షియా రోగులను రెండు భాగాలు చేసి, ఒక భాగం వారితో గట్టి వ్యాయామం చేయించి చూశారు. శరీర దారుఢ్యం పెరిగింది గాని, మెదడు తగ్గుదల ఆగలేదని 2018లో తేలింది. మరి నడిపించడం దేనికి? తన కాళ్ళ మీద తాను స్నానాల గది దాకా వెళ్ళగలిగే ప్రతి నెల ఆ మనిషికి గౌరవం, కోడలి నడుముకు విశ్రాంతి.

రామగుండం ఎండలు మీకు తెలుసు. వేసవిలో ఎండెక్కక ముందే తిప్పండి. ఆదిలాబాద్ చలికాలంలో మాత్రం ఎండ వచ్చాకనే. బయటకు వెళ్ళేటప్పుడు జేబులో పేరు, ఊరు, మీ ఫోన్ నంబరు రాసిన చీటీ ఉండాలి. సలహా కోసం వృద్ధుల సహాయ నంబరు 14567కు ఫోన్ చేయవచ్చు.

మీ ఇంట్లోనే చిన్న పరీక్ష చేయండి. ఒక వారం "నడువు" అని పిలవండి, మరో వారం పని చెప్పి పిలవండి, ఇంకో వారం పాటతో. ఏ రోజు ఎవరు పిలిస్తే లేచారు, గడప దాకానా, గల్లీ చివర దాకానా అన్నది పిల్లల పాత నోటుబుక్కులో రాయండి. తరువాత ఓపీకి వచ్చేటప్పుడు మందుల చీటీతో పాటు ఆ పుస్తకం కూడా తెండి.