మీకు తెలుసా? గాయం మానకూడని ఆపరేషన్!

గ్లకోమాకు చేసే ట్రాబెక్యులెక్టమీలో గాయం పూర్తిగా మానిపోతే ఆపరేషన్ ఫెయిలైనట్టే! కంట్లో ఒత్తిడి పెంచే నీరు బయటికి పోవడానికి తెల్లపొరలో చేసిన దారి మచ్చకట్టి పూడుకుపోకూడదు. అందుకే క్యాన్సర్ మందు మైటోమైసిన్-సి లో తడిపిన చిన్న స్పాంజి ముక్కలను కొద్ది నిమిషాలు అక్కడ పెట్టి, తీసేసి, బాగా కడిగేస్తారు.

ఆ నీటిని బయటికి పంపే రెండో పద్ధతి, సన్నని సిలికాన్ ట్యూబు అమర్చడం. అంతకుముందే కంటి ఆపరేషన్ అయినవాళ్లలో ఈ రెంటినీ ఒక అధ్యయనంలో పోల్చారు. మొత్తం 212 కళ్లు. ఐదేళ్లలో ట్యూబు 29.8 శాతం, ట్రాబెక్యులెక్టమీ 46.9 శాతం కేసుల్లో విఫలమయ్యాయి. తేడా చిన్నదేం కాదు. అయితే మొదటిసారి కత్తి పడే కంటికి ఈ లెక్క వర్తించదు.

అన్నట్టు, ఇలాంటి ట్యూబును మన మదురైలోని ఆరోల్యాబ్ అనే సంస్థ దిగుమతి ధరకన్నా చాలా చౌకగా తయారుచేస్తోంది.