ఆగిన గుండెను కాపాడు విద్య

వేసవిలో కృష్ణ కాలువలు కట్టివేయుటకు ముందు గుడివాడ, బందరు ప్రాంతముల పల్లెలలో ఒక తొందర కనబడును. నీరు పారుచుండగనే మంచినీటి చెరువులు నింపుకొనవలెను. లాకు తలుపులు దిగిన పిమ్మట నింపుకొందమన్న నీరెక్కడిది? చెరువులోని దానిని పొదుపుగా వాడుకొని, మరల కాలువ వచ్చువరకు ఊరు నిలువవలెను. దివిసీమకు మరియొక చిక్కు కలదు. తీపినీటి ప్రవాహము తగ్గినచో సముద్రపు పోటు మురుగుకాలువల వెంట పైకెగబ్రాకి పొలములకు ఉప్పు పట్టించును. ఉప్పు పట్టిన చేనికి వెంటనే నీరు పెట్టినంత మాత్రమున పూర్వపు పంట రాదు.

గుండెను తెరచి చేయు శస్త్రచికిత్సలో వైద్యుల కెదురగు సమస్య ఇంచుమించు ఇట్టిదే.

బడియీడు పిల్లలకు గొంతునొప్పి వచ్చుట, నాలుగు రోజులలో తగ్గుట వింత కాదు. కాని స్ట్రెప్టోకాకస్ అను సూక్ష్మజీవివలన వచ్చినది కొందరిలో అంతటితో పోదు. రెండు మూడు వారములకు జ్వరము, కీళ్ల వాపు తోచును. కీళ్ల బాధ జాడ లేకుండ పోవును గాని గుండె కవాటములపై మచ్చ మిగిలిపోవచ్చును. పెన్సిలిను సకాలమున అందనిచో, ఏండ్లు గడచినకొలది ఆ కవాటములు బిగిసియో, సరిగా మూతపడకయో, పిల్ల నాలుగు మెట్లెక్కలేని స్థితికి వచ్చును. (ఆటలలో వెనుకబడిన పిల్లను సోమరి యని మందలించుటకు ముందు ఉపాధ్యాయుడు ఆమె ఆయాసము నొకసారి గమనించుట మంచిది.) వ్యాధి ముదిరినచో కవాటమును బాగుచేయుటయో, మార్చుటయో తప్పదు.

కొట్టుకొనుచు, నెత్తురు నిండియున్న గుండెలో సూది యాడించుట యెట్లు? 1953 మే 6న ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ అను శస్త్రవైద్యుడు గుండె, ఊపిరితిత్తుల పనిని కొంతసేపు యంత్రమున కప్పగించి, 18 ఏండ్ల యువతి గుండెలోని రంధ్రమును మూసెను. ఆ యంత్రము మెదడునకు, మూత్రపిండములకు, కాలి వ్రేళ్లకు సైతము నెత్తురు నందించును. కాని గుండెలోపల పని జరుగుటకు బృహద్ధమనిని పట్టుకారుతో బిగింపవలెను. గుండె కండరమునకు నెత్తురు నిచ్చు సన్నని ధమనులు ఆ బృహద్ధమని మొదటనే చీలును. కనుక పట్టుకారు పడిన క్షణమునుండి దేహమంతయు పోషింపబడుచుండగా, జన్మమంతయు దేహమును పోషించిన గుండె యొక్కటే పస్తుండును.

ఆ పస్తులో గుండె ఏమి కోల్పోవునో తెలిసికొనుటకు మనము దూరదేశము పోనక్కరలేదు. బందరులో రైలెక్కి గుడివాడమీదుగా భీమవరము చేరినచో చాలును. యెల్లాప్రగడ సుబ్బారావు 1895లో జన్మించిన దచ్చటనే. మద్రాసులో వైద్యము చదివి అమెరికాకు పోయిన ఆ మహానుభావుడు, హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కేతో కూడి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని కండరమునందు కనుగొనెను. జర్మనీలో కార్ల్ లోమన్ కూడ అదే యేట ఏ.టి.పి.ని స్వతంత్రముగా కనుగొనెను. ఏ.టి.పి. చేతిలోని చిల్లర యైనచో ఫాస్ఫోక్రియాటిన్ రొంటిని దోపుకొన్న పైకము. చేతిది అయిపోవుచున్నకొలది రొంటినుండి తీసి నింపుకొనవలెను. మనుష్యుని గుండె ఒక్క దినమున ఆరు కిలోలకు మించిన ఏ.టి.పి.ని తయారుచేసి ఖర్చు పెట్టును. నిలువ యుండునది మాత్రము కొన్ని క్షణముల పనికే సరిపోవును. నెత్తురు ఆగినపుడు ఖర్చు కూడ ఆగనిచో ఏమగునో ఇక చెప్పనక్కరలేదు.

కణమునకు వెలుపల సోడియము హెచ్చు, లోపల పొటాషియము హెచ్చు. లోనికి ఊరి వచ్చు సోడియమును వెలికి తోడుటకు కణపు గోడలో ఏతములవంటి యంత్రములు రేయింబవళ్లు పనిచేయుచుండును. వానిని నడపునది ఏ.టి.పి.యే. అది తరిగినపుడు ఏతములు నిలిచిపోవును. సోడియము లోనికి చేరును, దాని వెంట కాల్షియము చేరును. కాల్షియము కండరమును బిగించును. బిగిసిన కండరము సడలుటకు మరల ఏ.టి.పి. కావలెను, అదియో లేదు! ఇట్లు ముడుచుకొని, రాయివలె గట్టిపడి, ఇక కొట్టుకొనని గుండెలను చూచి హ్యూస్టన్‌లోని డెంటన్ కూలీ 1972లో వానిని రాతిగుండెలని వర్ణించెను. పాషాణహృదయ మనునది మన కవులకు ఒక తిట్టు. ఆ వైద్యులకు అది చేతికి తగిలిన నిజము.

కాపాడు ఉపాయము కూడ ఉప్పులలోనే దొరకినది. 1880ల తొలినాళ్లలో లండనులో సిడ్నీ రింగర్ కప్పగుండెను ఉప్పునీటిలో కొట్టుకొననిచ్చి పరిశోధించుచుండెను. తాను శుద్ధజలము వాడితి ననుకొన్నాడు. తీరా చూడగా అది లండను కుళాయినీరు. ఆ నీటిలోని కాల్షియమే గుండెను నడిపించినదని తేలెను. ఆ పొరపాటును దాచుకొనక ప్రకటించుట ఆయన పెద్దతనము. ఏ ఉప్పు గుండె నెట్లు నడుపునో, ఎట్లు ఆపునో తెలిసికొను దారి అచ్చట తెరచుకొన్నది. వెలుపలి పొటాషియము హెచ్చినచో గుండె బిగిసి కాక, సడలిన స్థితిలో నిలిచిపోవును.

1955లో లండనుకు చెందిన డెనిస్ మెల్‌రోజ్ దీనిని శస్త్రచికిత్సకు తెచ్చెను. పొటాషియము సిట్రేటును బృహద్ధమని మొదట ఎక్కించి గుండెను కావలెనని ఆపెను. తెలుగులో గుండె ఆగిన దన్న మాటకు ఒక్కటే అర్థము. ఇచ్చట అది చికిత్సలో మొదటి మెట్టు! కాని ఆయన ద్రావణము మితిమీరిన గాఢత గలది. గుండె కండరము దెబ్బతినుచున్నదని తేలుటతో, కొలది యేండ్లలోనే పలువురు ఆ పద్ధతిని వదలివేసిరి. తప్పు ఆలోచనలో లేదు, పాళ్లలో నున్నది. ఆ సంగతి తేలుటకు పదునైదేండ్లకు పైగా పట్టెను. ఈ నడుమ వైద్యులు చలి నాశ్రయించిరి. చల్లబరచిన దేహమునకు ప్రాణవాయువు తక్కువ చాలునని టొరంటోలో బిగెలో 1950లోనే చూపియుండెను.

1973లో అమెరికాలో గే, ఎబర్ట్ అనువారు తక్కువ పాలు పొటాషియముతో పాత ఆలోచనకు ప్రాణము పోసిరి. తరువాత లండను సెయింట్ థామస్ ఆస్పత్రిలో డేవిడ్ హర్స్, బ్రెయిమ్‌బ్రిడ్జ్ కూర్చిన ద్రావణము లోకమంతట వ్యాపించెను. అందులో పొటాషియము నెత్తురులోని దానికి నాలుగైదింతలు మాత్రమే, తోడుగ మెగ్నీషియము. దానిని మంచువలె చల్లబరచి ఎక్కింతురు. గుండె ఆగినంతనే దాని ప్రాణవాయువు అవసరము సుమారు పదవ వంతునకు దిగును. చలి దానిని ఇంకను తగ్గించును. కాలువ కట్టకముందు చెరువు నింపుట, నింపిన నీటిని పొదుపుగా వాడుట అనగా ఇదియే. 1980లలో కొందరు పరిశోధకులు ఈ ద్రావణమునకు ఫాస్ఫోక్రియాటిన్‌ను కూడ చేర్చి ప్రయోగములు చేసిరి. భీమవరపు బిడ్డ కండరములో కనుగొన్న పదార్థము గుండెను కాపాడు సీసాలోనికి ఎక్కిన దన్నమాట.

సాధారణముగ ఇరువది ముప్పది నిమిషముల కొకసారి ద్రావణమును మరల ఎక్కింతురు. పసిపిల్లల గుండెలకై పెడ్రో డెల్ నీడో పిట్స్‌బర్గులో 1990లలో రూపొందించినది ఒక్క మోతాదుతోనే గంటకు పైగా కాపాడును. ఇప్పుడు పెద్దవారికిని వాడుచున్నారు. 2016లో గుంటూరు ప్రభుత్వాస్పత్రిలో డాక్టరు ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే బృందము చేసినటువంటి గుండెమార్పిడులలో కూడ, దాతనుండి తీసిన గుండెను ఇట్టి చల్లని ద్రావణముతో ఆపియే దారి దాటింతురు. దానికి సుమారు నాలుగు గంటల గడువు.

ఇక లాకు ఎత్తు ఘట్టము. ఎండిన కాలువకు ఒక్కుమ్మడి నీరు వదలినచో గట్లు తెగును. ఆకలిగొన్న కణములపై నెత్తురు ఒక్కసారి పడినచో కాల్షియము వెల్లువెత్తి, ప్రాణవాయువే విషమై, మిగిలియున్న కండరమును గాయపరచును. లాస్ ఏంజిలిసులో జెరాల్డ్ బక్‌బర్గ్ 1970ల చివరనుండి రోగి నెత్తురునే ద్రావణమునకు ఆధారముగ చేసి, పట్టుకారు తీయుటకు ముందు దానిని గోరువెచ్చగా, తక్కువ ఒత్తిడితో పంపు పద్ధతిని అభివృద్ధి చేసెను. పట్టుకారు విడిపోవును. పాలిపోయిన కండరమునకు ఎరుపు వచ్చును. కొన్ని గుండెలు తమంతట తామే లేచును. కొన్ని వణకుచుండగా చిన్న విద్యుద్ఘాతము పెట్టుదురు. తెరమీద గీత కదలును, యంత్రము నడుపువాడు చక్రపు వేగము మెల్లగా తగ్గించుచు, శస్త్రవైద్యుని మాటకై చూచుచుండును.