మైదానానికి పొరుగు ఎంపీ పేరు

ఇందిరాగాంధీ పేరున్న స్టేడియాలు దేశంలో చాలానే ఉన్నాయి. ఢిల్లీలో ఉంది, విజయవాడలో ఉంది. కామారెడ్డిలో ఉన్నది వాటి పక్కన చాలా చిన్నది. అయితే ఆ పేరుకు ఇక్కడ ఒక దగ్గరితనం ఉంది. 1980 లోక్‌సభ ఎన్నికల్లో ఇందిరాగాంధీ రాయ్‌బరేలీతో పాటు మెదక్‌లోనూ పోటీ చేశారు. మెదక్‌లో ఆమె ప్రత్యర్థి ఎస్.జైపాల్‌రెడ్డి. రెండు చోట్లా గెలిచిన ఇందిర రాయ్‌బరేలీని వదులుకుని మెదక్‌ను ఉంచుకున్నారు. 1984 అక్టోబరు 31న హత్యకు గురైన నాటికి ఆమె దేశానికి ప్రధాని, మెదక్‌కు ఎంపీ. మెదక్ పొలిమేర దాటితే వచ్చేది కామారెడ్డి ప్రాంతమే. కాబట్టి ఈ ఊరి మైదానం మీద ఉన్నది ఎక్కడో ఢిల్లీ నాయకురాలి పేరే కాదు, పొరుగు ఎంపీ పేరు కూడా.

2016 అక్టోబరు 11న కామారెడ్డి నిజామాబాద్ నుంచి విడిపోయి జిల్లా అయింది. దాంతో ఒక పట్టణపు మైదానం కాస్తా జిల్లా మైదానంగా మారింది. అంతకుముందు జిల్లా జట్టులో చోటు కోసం ఇక్కడి పిల్లలు నిజామాబాద్ బస్సెక్కాలి. ఇప్పుడు ఎల్లారెడ్డి, బాన్సువాడ, జుక్కల్ వైపు పిల్లలు ఎంపిక పోటీలకు కామారెడ్డికే వస్తారు. పీఈటీ సార్లు పిల్లల వెంట దిగుతారు. వాళ్ల చేతిలో టేపు, మెడలో విజిల్, పక్కన సున్నం బస్తా.

ఆ సున్నం గీతల్లోనే ఆట లెక్కలన్నీ ఉంటాయి. కబడ్డీ కోర్టు పురుషులకు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. మహిళలకు 12 మీటర్లు, 8 మీటర్లు. వాలీబాల్‌కు 18 మీటర్లు, 9 మీటర్లు. ఖోఖోకు 27 మీటర్లు, 16 మీటర్లు. ఖోఖో కోర్టు ఎంత తక్కువ ఖర్చుతో తయారవుతుందో చూస్తే ముచ్చటేస్తుంది. రెండు కొసల్లో రెండు కర్రలు, మధ్యలో ఒక దారి, ఆ దారి పొడవునా ఎనిమిది గళ్లు. గడికొకరు చొప్పున ఎనిమిది మంది ఒకరు ఇటు, ఒకరు అటు ముఖం పెట్టి కూర్చుంటారు. తొమ్మిదో మనిషి తరుముతాడు. తరిమేవాళ్లకు వెనుదిరిగే వీల్లేదు, మధ్య దారి దాటే వీల్లేదు. పారిపోయేవాళ్లకు ఆ కట్టుబాట్లేవీ లేవు. బూట్లు కొనలేని బడి కూడా ఈ ఆటలో జట్టును దింపగలదు. పల్లె బడుల్లో ఖోఖో ఇంతకాలం నిలవడానికి అదీ ఒక కారణం.

ఒక మహిళా నేత పేరు మోస్తున్న ఈ మైదానం చుట్టూ ఉన్న నేలకు మహిళల గెలుపు కొత్త కాదు. ఇందిర మెదక్‌కు రావడానికి చాలా ముందే సికింద్రాబాద్ వైపు నుంచి ఇద్దరు దళిత మహిళలు ఇక్కడికి వచ్చి ఓట్లడిగారు. బొల్లారం ప్రాంతంలో పుట్టిన టి.ఎన్.సదాలక్ష్మి 1957లో కామారెడ్డి నుంచి, 1962లో ఎల్లారెడ్డి నుంచి కాంగ్రెస్ తరఫున అసెంబ్లీకి వెళ్లారు. 1960లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఉప సభాపతి అయ్యారు. ఆ తర్వాత దేవాదాయ శాఖ మంత్రిగానూ పనిచేశారు. అంటరానితనం పేరుతో గుడి గడప దాటనివ్వని కులాల నుంచి వచ్చిన మహిళ చేతికే గుళ్ల పాలన వచ్చింది. ఆమె జీవితకథను గోగు శ్యామల ‘నేనే బలాన్ని’ పేరుతో పుస్తకంగా తెచ్చారు.

1967లో ఎల్లారెడ్డిలో సదాలక్ష్మికి ఎదురు నిలిచింది జె.ఈశ్వరీబాయి. సికింద్రాబాద్‌లో పుట్టిన ఈమెది అంబేడ్కర్ బాట, రిపబ్లికన్ పార్టీ. ఆ ఎన్నికలో ఈశ్వరీబాయి గెలిచారు. 1972లో మళ్లీ గెలిచారు. ఒక సీటు కోసం తలపడిన ఈ ఇద్దరూ 1969 తెలంగాణ ఉద్యమంలో మాత్రం ఒకే పక్షాన నిలిచారు.

తర్వాతి తరాల గెలుపులు ఆటల్లో వచ్చాయి. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దారిలో తాడ్వాయి వస్తుంది. అక్కడి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకున్న గిరిజన బాలిక మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు నిండలేదు. సొంతూరు సిరికొండ మండలం పాకాల. భువనగిరి గుట్ట మీద బండలెక్కడం నేర్చుకుని, టిబెట్ వైపు నుంచి 8,848 మీటర్ల శిఖరం చేరింది. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో, 2023లో బాక్సింగ్ ప్రపంచ విజేత. ఇద్దరూ ఎదిగింది పాత ఉమ్మడి జిల్లాలోనే. ఎంపిక పోటీల రోజు కామారెడ్డి స్టేడియంలో వరసకట్టిన గురుకుల బాలికలకు వీళ్లు టీవీలో చూసిన మనుషులు మాత్రమే కాదు, తమలాగే ఈ ప్రాంతపు బడుల్లో చదివినవాళ్లు.

కామారెడ్డి 44వ నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాద్‌కు సుమారు 115 కిలోమీటర్ల దూరంలో ఉంది. సికింద్రాబాద్–నిజామాబాద్ రైలు మార్గంలో స్టేషన్ ఉంది. ఎల్లారెడ్డికి రైలు లేదు. తాడ్వాయి, లింగంపేట మీదుగా ఆర్టీసీ బస్సులో వెళ్లాలి. ఒక రోజు తీరిక ఉంటే పొద్దున్నే స్టేడియం చూసుకుని ఎల్లారెడ్డి బస్సెక్కండి. అక్కడి నుంచి మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ దాకా వెళ్లి రావచ్చు. మైదానం నిండుగా కనిపించాలంటే మాత్రం జిల్లా స్థాయి పోటీలున్న రోజే రావాలి. తేదీలు స్థానిక దినపత్రికల జిల్లా పేజీల్లో ముందుగానే వస్తాయి.