కాలం మారినా మందు మానవద్దు

మబ్బు పడితే రైతు సంతోషిస్తాడు. దమా ఉన్న పిల్లవాడి తల్లి మాత్రం ఇన్‌హేలర్ ఎక్కడ పెట్టానా అని వెతుక్కుంటుంది. తెలుగులో ఉబ్బసం, మన ఇళ్లలో దమా, డాక్టర్ల మాటలో ఆస్తమా. పేరు ఏదైనా ఈ జబ్బుకు, వాతావరణానికి ఉన్న సంబంధం పెద్దలందరికీ తెలిసిందే. అయితే ఆ సంబంధాన్ని చాలామంది తలకిందులుగా అర్థం చేసుకుంటున్నారు. వాన వచ్చింది కాబట్టి దమా వచ్చిందని, వాన వెలిసింది కాబట్టి పోయిందని అనుకుంటారు. వెంటనే మందు మానేస్తారు. ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

దమా ఉన్నవారి శ్వాసనాళాల లోపలి పొరలో వాపు ఉంటుంది. ఆయాసం లేని రోజున కూడా ఆ వాపు ఎంతో కొంత ఉండవచ్చు. చల్లగాలి, పొగ, దుమ్ము, జలుబు వంటివి తగిలినప్పుడు నాళాలు బిగుసుకుపోతాయి, కఫం పేరుకుంటుంది, పిల్లికూతలు వినిపిస్తాయి. అంటే వాతావరణం నిప్పురవ్వ మాత్రమే. ఎండుగడ్డి లోపలే ఉంది. రవ్వలను ఎవరూ ఆపలేరు. గడ్డిని తడిపి ఉంచడం మన చేతిలో ఉన్న పని.

వాన వెనుక తేమ

వరంగల్‌లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానాకాలం. బాధ పెట్టేది వాన చినుకు కంటే అది గోడల్లో వదిలివెళ్లే తేమ. పరుపులు, రజాయిలు, తివాచీలలో కంటికి కనిపించని పురుగులు ఆ తేమలో పెరుగుతాయి. గోడలకు, బీరువా వెనుక బూజు పడుతుంది. 2023 జూలై చివర కురిసిన కుండపోతకు వరంగల్, హనుమకొండలో అనేక కాలనీలు నీట మునిగాయి. అలాంటప్పుడు నీరు తీసిన తర్వాత కూడా తడి పరుపులు, నానిన గోడలు వారాల తరబడి దమా రోగిని బాధపెడతాయి. నానిన దూది పరుపును ఆరబెట్టి మళ్లీ వాడడం కంటే పారవేయడమే మేలు. బూజు తుడిచే పని రోగికి అప్పగించరాదు. ఎండ కాసినప్పుడల్లా పక్కబట్టలు ఎండబెట్టాలి. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి వేడినీళ్లలో ఉతకాలి.

వానలకు ఖాళీ స్థలాల్లో వయ్యారిభామ విరగబూస్తుంది. దాని పుప్పొడి కొందరికి పడదు. ఉరుములతో కూడిన గాలివాన పుప్పొడి రేణువులను చిన్న ముక్కలు చేసి ఊపిరితిత్తుల లోతుకు చేరుస్తుంది. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో 2016 నవంబరు 21 సాయంత్రం ఇలాంటి గాలివాన తర్వాత వేలాది మంది ఊపిరాడక ఆసుపత్రులకు పరుగెత్తారు. పది మంది మరణించారు. కనుక ఉరుములు మొదలైతే తలుపులు, కిటికీలు మూసి, ఇన్‌హేలర్ దగ్గర పెట్టుకుని లోపల ఉండటం మంచిది.

చలి ఉదయాలు, మిర్చి రోజులు

చలికాలం తెల్లవారుజామున నేల దగ్గరి గాలి చల్లబడి పైకి లేవదు. వాహనాల పొగ, చెత్త తగలబెట్టిన పొగ, పొలాల్లో పత్తికట్టె కాల్చిన పొగ అందులోనే చిక్కుకుంటాయి. సరిగ్గా అదే సమయంలో మన పెద్దలు ఫజర్ నమాజుకు బయలుదేరతారు. ముక్కు, నోరు కప్పేలా మఫ్లర్ చుట్టుకుంటే లోపలికి వెళ్లే గాలి కాస్త వెచ్చబడుతుంది. వుజూకు గోరువెచ్చని నీళ్లు వాడుకోవచ్చు. చలి రోజుల్లో దమా తిరగబెట్టడానికి జలుబు కూడా పెద్ద కారణం. ఫ్లూ టీకా గురించి డాక్టరును అడగండి.

జనవరి తర్వాత ఏనుమాముల మార్కెట్‌కు ఎర్రబంగారం రాశులుగా వస్తుంది. మిర్చి ఘాటు ఆరోగ్యవంతుడినే దగ్గిస్తుంది, ఇక దమా ఉన్న హమాలీ సంగతి చెప్పనక్కరలేదు. నిజాం కాలంలో 1934లో వెలసిన ఆజంజాహీ మిల్లు మూతపడి చాలా ఏళ్లయింది కానీ, జిన్నింగ్ మిల్లుల్లో పత్తి దుమ్ము ఉంది. సెలవు తర్వాత పనికి వెళ్లిన మొదటి రోజు ఛాతీ బిగుసుకుపోతే అది పత్తి దుమ్ము వల్ల వచ్చే వేరే జబ్బు కావచ్చు. ఏ రోజు బాధ ఎక్కువైందో డాక్టరుకు చెప్పాలి.

ఎండాకాలంలో వేడి, దుమ్ముతో పాటు కూలరు కూడా లెక్కలోకి వస్తుంది. కిందటి ఏడాది గడ్డి పలకలనే తడిపి నడిపితే బూజు గాలి ఇల్లంతా పరుచుకుంటుంది. పలకలు మార్చాకే కూలరు వేయండి. ఇక ఏ కాలమైనా ఇంట్లో లోబాన్ పొగ, ఊదుబత్తి, సిగరెట్, ఘాటైన అత్తరు ఉండనే ఉన్నాయి. బయటి గాలిని మార్చలేకపోయినా వీటిని మానుకోవచ్చు.

మృగశిర నమ్మకం

జూన్‌లో మృగశిర కార్తె రోజున హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం ఇచ్చే చేపమందు కోసం మతాల తేడా లేకుండా జనం బారులు తీరతారు. కోవిడ్ వల్ల ఆగిన ఈ పంపిణీ 2023లో మళ్లీ మొదలైంది. ఇది దమాను నయం చేస్తుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. నమ్మకంతో వెళ్లేవారిని ఎగతాళి చేయడం మా ఉద్దేశం కాదు. వెళ్లివచ్చి ఇన్‌హేలర్ పారేయవద్దన్నదే మా మనవి. వానాకాలం గడప మీద మందు ఆపడమంటే గొడుగును ఇంట్లో వదిలి బయలుదేరడమే.

ఇన్‌హేలర్లు రెండు రకాలు. ఆయాసం వచ్చినప్పుడు వెంటనే ఉపశమనం ఇచ్చేది ఒకటి. ఇది సాధారణంగా నీలిరంగులో ఉంటుంది. రోజూ పీల్చి వాపును తగ్గించేది రెండోది. నీలిదానితోనే కాలక్షేపం చేసేవారికి ప్రాణాపాయం ఎక్కువ. అందుకే పెద్దలకు, పన్నెండేళ్లు దాటిన పిల్లలకు దానితో మాత్రమే చికిత్స వద్దని 2019 నుంచి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. 'స్టెరాయిడ్, అలవాటైపోతుంది' అనే భయం వద్దు. పీల్చే మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, అలవాటు కాదు. పీల్చిన తర్వాత నోరు పుక్కిలిస్తే చాలు.

రంజాన్‌లో ఏం చేయాలి?

రంజాన్ ప్రతి ఏడూ సుమారు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2018లో మే, జూన్ ఎండల్లో వచ్చింది. 2026లో ఫిబ్రవరికి చేరింది. 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబరు చివర మరోసారి మొదలవుతుంది. అంటే రానున్న ఏళ్లలో సెహ్రీ, తరావీహ్ చలిలోనే. ముందుచూపు అవసరం.

రోజుకు రెండుసార్లు పీల్చే మందును సెహ్రీకి, ఇఫ్తార్‌కు సర్దుకోవచ్చు. నెల ముందే డాక్టరును కలిసి వేళలు మార్పించుకోవాలి. పగలు ఇన్‌హేలర్ పీలిస్తే రోజా భంగమవుతుందా? హనఫీ ఉలమాలలో చాలామంది భంగమవుతుందంటారు. సౌదీకి చెందిన షేక్ ఇబ్నె బాజ్, ఇబ్నె ఉసైమీన్ వంటివారు కాదన్నారు. మీరు అనుసరించే ఆలిమ్‌ను అడగండి. కానీ ఊపిరి ఆడనప్పుడు ఆ చర్చకు సమయం లేదు. రోగి రోజాను తర్వాత పూర్తి చేసుకునే వెసులుబాటు ఖురాన్ బఖరా అధ్యాయంలోనే ఉంది. ఇఫ్తార్ దాకా ఓర్చుకుందామని నీలి ఇన్‌హేలర్‌ను జేబులోనే ఉంచుకోవడం భక్తి కాదు, ప్రాణంతో చెలగాటం.

మాట పూర్తిగా పలకలేకపోతున్నా, పెదవులు నీలిబారినా, ఇన్‌హేలర్ వాడినా ఆయాసం తగ్గకున్నా రోగిని పడుకోబెట్టవద్దు. నిటారుగా కూర్చోబెట్టి, ఇన్‌హేలర్ ఇస్తూనే 108కి ఫోన్ చేయండి. ఎంజీఎం గాని, దగ్గరలోని మరో పెద్దాసుపత్రి గాని, ఆలస్యం చేయకుండా చేర్చండి.

చివరగా ఒక మాట. రిష్తా కుదిరేటప్పుడు అమ్మాయి దమాను దాచే ఇళ్లు ఎన్నో. పెళ్లయ్యాక ఆ పిల్ల అత్తగారింట్లో తలుపు చాటున మందు పీలుస్తుంది, లేదా మానేస్తుంది. వానాకాలం రాత్రి ఊపిరాడనప్పుడు ఏం చేయాలో పక్కనున్న భర్తకు కూడా తెలియదు. ఆ జబ్బు సంగతి ముందే చెప్పండి. కోడలి ఇన్‌హేలర్‌ను అందరికీ కనిపించే అల్మారాలో, చేతికందే చోట పెట్టండి.